కామ్‌షాఫ్ట్ తీసేశాక

డీజిల్ ఇంజన్‌లో కామ్‌షాఫ్ట్ అంతటి విధేయుడు ఇంకొకడు లేడు. ఇంజన్ తిరిగినంతసేపూ తనూ తిరుగుతాడు. ఒంటి మీద కోడిగుడ్డు ఆకారంలో ఉబ్బులుంటాయి. ఉబ్బు వచ్చి తగిలితే వాల్వ్ తెరుచుకుంటుంది, దాటిపోతే మూసుకుంటుంది. గాలి ఎప్పుడు లోపలికి రావాలో, పొగ ఎప్పుడు బయటికి పోవాలో ఎవరో ఒకాయన ఎన్నడో డ్రాయింగ్ బోర్డు మీద నిర్ణయించాడు. ఆ నిర్ణయాన్ని ఉక్కులో చెక్కేశారు. ఆ తర్వాత లోడు పెరిగినా తగ్గినా, చలైనా ఎండైనా అది చేసే పని ఒక్కటే.

వయసులో ఉన్నప్పుడు ఆదివారాలు లాలాపేట్‌లో ఒక బడి గదిలో జరిగే చర్చాసభలకు పోయేవాణ్ణి. కులం, జాతకం, దిష్టి, పెళ్లితంతు, ఏ విషయమైనా సరే ఇద్దరు నిలబడి అటూ ఇటూ వాదించాలి. మిగతావాళ్లు ప్రశ్నలతో వాళ్లను నిలదీయాలి. ఆచారమంటే కారణం మరిచిపోయి మోస్తున్న పాత నిర్ణయమని అక్కడే నేర్చుకున్నాను. అందుకే, కామ్‌షాఫ్ట్ లేని డీజిల్ ఇంజన్ చేద్దామన్న మాట మా కంపెనీలో మొదటిసారి విన్న రోజు నాకు ఒక సంస్కరణ ఉద్యమంలో చేరినంత సంబరమైంది.

ఆ సంబరంలో సగమే సరైనది. మిగతా సగం గురించి చెప్పడానికే ఇది రాస్తున్నాను. నా ఉద్యోగ జీవితమంతా నాచారం పారిశ్రామికవాడలో ఇంజన్లను పరీక్షించడంలో గడిచింది. ఇప్పుడు పరీక్ష గదిలో, అంటే టెస్ట్ సెల్‌లో అడుగుపెడుతున్న పిల్లలకు నా ప్రమోషన్లతో పని లేదు. నేను చూసిన ఇంజన్లన్నిటి గురించీ వాళ్లకు చెప్పక్కర్లేదు. ఒక్కటి చాలు.

లారీ జాకీ లాంటిదే, కానీ

లారీ టైరు మార్చేటప్పుడు కింద పెట్టే జాకీని అందరూ చూసే ఉంటారు. పిడి కొడితే లోపలి ఆయిల్ మీద ఒత్తిడి పడి అంత పెద్ద లారీ లేస్తుంది. మేం చేసిందీ అదే. ఒక్కో వాల్వ్ నెత్తిన ఒక చిన్న జాకీ పెట్టాం. ఒత్తిడితో ఆయిల్ వదిలితే వాల్వ్ తెరుచుకుంటుంది. ఆ ఆయిల్‌ను వెనక్కి పోనిస్తే స్ప్రింగు దాన్ని మూసేస్తుంది. ఎప్పుడు వదలాలి, ఎప్పుడు పోనివ్వాలి అన్నది కంట్రోలర్ అనే చిన్న కంప్యూటర్ చెబుతుంది. లారీ జాకీకి తొందర లేదు. ఇది మాత్రం సెకనులో ఎన్నోసార్లు ఆ పని చేయాలి.

లాభం పెద్దదే. ఈ ఇంజన్ తిప్పబోయే జనరేటర్ మీద లోడు తక్కువున్నప్పుడు వాల్వ్‌ను తక్కువగా తెరవొచ్చు, ఎక్కువున్నప్పుడు ఎక్కువసేపు తెరిచి ఉంచొచ్చు. పొగ తగ్గుతుంది, డీజిల్ మిగులుతుంది.

ప్రమాదమూ పెద్దదే. డీజిల్ ఇంజన్‌లో పిస్టన్ పైకంటా వచ్చినప్పుడు దానికీ పైకప్పుకూ మధ్య ఉండే సందు గోరంత. ఆ క్షణానికి వాల్వ్ ఇంకా కిందికి వేలాడుతుంటే పిస్టన్ వచ్చి దాన్ని గుద్దేస్తుంది. కామ్‌షాఫ్ట్ ఉన్నప్పుడు ఈ బాధ్యత దాన్ని పిస్టన్‌తో జతకట్టి తిప్పే గేర్ల పళ్ల మీద ఉండేది. అది ఆలస్యం కావాలన్నా కాలేదు. మేం దాన్ని తీసేశాం కాబట్టి ఆ బాధ్యత ఆయిల్ మీద పడింది.

ఆయిల్ అంత నమ్మదగింది కాదు. చల్లగా ఉంటే చిక్కబడుతుంది, సన్న దారిలోంచి నెమ్మదిగా పోతుంది. అంటే వాల్వ్ ఆలస్యంగా మూసుకుంటుంది. కాబట్టి ఆయిల్ చల్లగా ఉన్నప్పుడు కంట్రోలర్ కొంచెం ముందుగానే మూయమని చెప్పాలి. అలా చెప్పాలంటే ఆయిల్ ఎంత వేడిగా ఉందో దానికి తెలియాలి. అందుకోసం ఒక సెన్సర్ పెట్టాం. ఆ సెన్సర్ ఆయిల్ ట్యాంకులో ఉంది. ట్యాంకు పక్క గదిలో ఉంది. అక్కడి నుంచి గోడలోంచి పైపులు వచ్చి వాల్వ్‌లుండే ఇంజన్ తలను చేరతాయి. డ్రాయింగ్ చూసిన మాలో ఒక్కరికీ అనుమానం రాలేదు.

మనుషులు

మా ఎండీ నరహరి గారు చిన్న షెడ్డులో ఒక్క లేత్ మిషనుతో మొదలుపెట్టి ఎదిగిన మనిషి. కొలత తేడా ఉన్న పార్టును కస్టమరుకు పంపడం ఆయన హయాంలో జరగలేదు. అంత నిక్కచ్చి మనిషి పంచాంగం చూడకుండా కొత్త మిషను మీది ప్లాస్టిక్ కవరు కూడా తీయనిచ్చేవాడు కాదు. ఇనుమును నమ్మడానికి ఆయనకు మైక్రోమీటర్ కావాలి, కాలాన్ని నమ్మడానికి పంతులు గారు చాలు. ఈ విషయంలో ఆయనా నేనూ వాదించుకోని ఏడాది లేదు. అయినా నన్ను ఉద్యోగంలోంచి తీయలేదు. అది ఆయన గొప్పతనమే.

డిజైన్ విభాగం పెద్ద ఫణి గారిది విజయవాడ వైపు. మంచి బుర్ర. గీత గీస్తే చెరిపే పని ఉండేది కాదు. ఆ అలవాటే ఆయనకు కొంత చేటు కూడా చేసింది. కంట్రోలర్ ప్రోగ్రాం రాసిన స్రవంతి పోచారంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వదులుకుని మా దగ్గరికి వచ్చింది. తను రాసినది కంటి ముందు కదలాలని ఆ అమ్మాయి కోరిక.

నాలుగోవాడు యేసుదాసు, టెస్ట్ సెల్ టెక్నీషియన్. జనగామ దగ్గరి ఊరి నుంచి వచ్చి తల్లితో చిల్కానగర్‌లో ఉండేవాడు. ఉద్యోగం కాంట్రాక్టు మీద. నోరు ఊరుకునేది కాదు. నన్ను నాస్తికం సార్ అని పిలిచేది అతనే, నా ముఖం మీదే. క్రిస్మస్‌కు కేకు తెచ్చి, “ప్రసాదం గాదు సార్, ఉత్త కేకే, ఫికర్ లేకుంట తినున్రి” అనేవాడు. అతను అచ్చమైన పనివాడని చెబితే అబద్ధమవుతుంది. ఒకసారి పైపు క్లాంపు బిగించానని చెప్పి బిగించలేదు. ఆయిల్ ఎగజిమ్మి ఇన్‌స్పెక్షన్‌కు వచ్చినాయన తెల్లచొక్కా నల్లబడింది. ఆ సంగతి కంపెనీలో ఎవరూ మరిచిపోలేదు. అతనికి అదే పెద్ద గండమైంది.

పంపు ఆగిన పొద్దు

ఆ ఇంజన్ అంతకు ముందు మా చేతుల్లో చాలాసార్లు సవ్యంగానే నడిచింది. జనరేటర్లు చేసే ఒక కంపెనీవాళ్లు చూడటానికి వస్తున్నారంటే నరహరి గారు పూజతో మొదలుపెట్టాలన్నారు. జనవరి చలి. అతిథులు నిలబడటానికి టెస్ట్ సెల్ పెద్ద షట్టరు పైకెత్తారు.

పొద్దున్నే యేసుదాసు రోజూలాగే ట్యాంకులో హీటరు వేశాడు, పంపు నడిపి వేడి ఆయిల్‌ను పైపుల గుండా ఇంజన్ తల దాకా తిప్పాడు. అంతా వెచ్చబడింది. అప్పుడు పూజ మొదలైంది. హైడ్రాలిక్ పంపు చేసే కూత చెవుల్లో దూరి వదలదు. నరహరి గారు వెనక్కి తిరిగి, “యేసూ, గా పంపు జర బంద్ జెయ్. మంత్రం ఇనవడ్తలేదు” అన్నారు. యేసుదాసు పంపు ఆపాడు. ఆపి, పక్క గదిలో స్విచ్చి దగ్గరే నిలబడ్డాడు. హారతి పళ్లెం అక్కడి దాకా పోలేదు. హీటరును మాత్రం ఎవరూ ఆపమనలేదు, ఆపలేదు.

పూజ సాగింది. తర్వాత అతిథుల్లో పెద్దాయన రెండు మాటలు మాట్లాడతానని చాలా మాటలే మాట్లాడాడు. అంతా అయ్యాక కొబ్బరికాయ కొట్టారు. యేసుదాసు పంపు వేశాడు. ఒత్తిడి వచ్చింది. స్క్రీన్ మీద అన్నీ పచ్చరంగులో ఉన్నాయి, ఆయిల్ వేడితో సహా. నరహరి గారు తల ఊపారు. యేసుదాసు సెల్‌లోకి వచ్చి స్టార్ట్ బటన్ నొక్కాడు.

ఇంజన్ అందుకుంది. వేగం పెరుగుతుండగా లోపల సుత్తితో కొట్టినట్టు ఒక దెబ్బ, వెంటనే ఇంకొన్ని దెబ్బలు. యేసుదాసు ఎర్ర బటన్ గుద్దాడు. ఆ తర్వాత సెల్‌లో కర్పూరం వాసనా కాలిన ఆయిల్ వాసనా కలిసి మిగిలాయి.

విప్పి చూస్తే పొగ వాల్వ్ వంగిపోయి ఉంది. పిస్టన్ నెత్తి మీద నెలవంక లాంటి గుంట పడింది.

మూడు కారణాలు

సాయంత్రానికల్లా గేటు బయట టీ బండి దగ్గర ఒక కారణం తయారైంది. హారతి కళ్లకద్దుకోనివాడి చేత బటన్ నొక్కించారు కాబట్టి అలా అయిందట. నరహరి గారు అంత మాట అనలేదు గానీ, “పూజల నిలవడనోని చేత నొక్కిచ్చుడు తప్పయింది” అని నా ముందే అన్నారు. నేను ఆయన ముఖంలోకి చూశాను. ఆయన చూపు తిప్పుకున్నారు.

రెండో కారణం ఫణి గారిది. ముందు రోజు ఆయిల్ ఫిల్టర్ మార్చారు. మార్చాక పైపుల్లో మిగిలే గాలిని బయటికి తీయాలి. తీయకపోతే ఆయిల్ స్పాంజిలా మెత్తబడి చెప్పిన మాట వినదు. తీయాల్సింది యేసుదాసు. “అతను తీశానంటే మీరు నమ్ముతారా? క్లాంపు కూడా బిగించాననే చెప్పాడు కదండీ” అన్నారు ఫణి గారు. ఆ ప్రశ్న అన్యాయమైంది కాదు. అది మొదటి కారణంతో కలిసిపోవడమే అన్యాయం. దేవుడి మీద పెట్టి చెప్పలేనిదాన్ని గాలి మీద పెట్టి చెప్పొచ్చు. యేసుదాసును పిలిచేదాకా రావద్దన్నారు. నెలాఖరుకు అతని కాంట్రాక్టు ముగుస్తోంది, మళ్లీ రాయరని అందరికీ అర్థమైంది.

మూడో కారణం నాది. స్క్రీన్ రికార్డు మొత్తం స్రవంతీ నేనూ కూర్చుని చూశాం. ఎక్కడా తప్పు లేదు. తప్పు లేని రికార్డూ వంగిన వాల్వూ రెండూ ఒకేసారి నిజం కావడమెలా? మర్నాడు పొద్దున విప్పిన తలను తిరిగి బిగించి, అదే చలిలో షట్టరు ఎత్తించి, ఆయిల్ వేడి చేయించి, కాసేపు తిప్పి, పంపు ఆపేశాను. ఇంజన్ తల దగ్గర పైపు మీద అరచేయి పెట్టి నిలబడ్డాను. మొదట చేయి చురుక్కుమంది. తర్వాత గోరువెచ్చన. పూజ పట్టినంతసేపు గడిచేసరికి చలికాలంలో ముట్టుకున్న కిటికీ ఊచలా ఉంది. “వేడి ఎంత చూపిస్తుందమ్మా?” అని కేకేశాను. “పొద్దున ఎంతుందో గంతే సార్, గ్రీన్” అంది స్రవంతి స్క్రీన్ ముందు నుంచి.

ట్యాంకులో ఆయిల్‌ను హీటరు వేడిగానే ఉంచింది. సెన్సర్ ఆ వేడినే చెప్పింది. పైపుల్లో ఆగిపోయిన ఆయిల్ చల్లారి చిక్కబడిందని దానికి తెలిసే దారి లేదు. కంట్రోలర్ వేడి ఆయిల్‌కు చెప్పినట్టే మూయమని చెప్పి ఉంటుంది. చల్లని ఆయిల్ నింపాదిగా కదిలి ఉంటుంది. పిస్టన్ దాని కోసం ఆగదు.

ఆ క్షణంలో నాకు కలిగిన ఆనందం దాచను. పూజే ఇంజన్‌ను విరగ్గొట్టింది! చర్చాసభల నాటి మిత్రుడికి ఫోన్ చేశాను. ఆయన ఎగిరి గంతేశాడు. తన పత్రికకు వెంటనే రాసి ఇవ్వమన్నాడు, శీర్షిక కూడా తనే పెట్టేశాడు. నేను కాగితం ముందు కూర్చున్నాను.

రాయలేకపోయాను. లాలాపేట్ గదిలో మాకు వాదం నేర్పిన పెద్దాయన ఒక నియమం పెట్టేవాడు. మనసుకు నచ్చిన రుజువు దొరికితే, ముందు లేచి అవతలి పక్క కుర్చీలో కూర్చుని దాన్ని ప్రశ్నించాలి. కూర్చున్నాను. పంపును టీ కోసం ఆపి ఉంటే వాల్వ్ వంగేది కాదా? వంగేది. పంపు నడుస్తుండగా పూజ చేసి ఉంటే వంగేదా? తెలియదు. వాల్వ్ నిజంగా ఆలస్యమైందని ఎవరైనా చూశారా? లేదు, నేను పైపు ముట్టుకున్నానంతే. ఫిల్టర్ తర్వాత గాలి తీశారా? నేను అడగనే లేదు. ఇంతకీ ఆ వ్యాసం అచ్చయితే యేసుదాసు ఉద్యోగం తిరిగొస్తుందా? నరహరి గారు దాన్ని మా పాత తగవులో ఇంకో వాయిదా అనుకుంటారు. మిత్రుడు చప్పట్లు కొడతాడు. యేసుదాసు చిల్కానగర్‌లో కూర్చుని ఉంటాడు.

అడగాల్సిన ప్రశ్న

ఉప్పల్ రింగు రోడ్డులో మెట్రో మెట్ల కింది టీ కొట్టు దగ్గరికి యేసుదాసును రమ్మన్నాను. వచ్చాడు. ఎప్పుడూ దువ్వుకుని ఉండే జుట్టు ఆ రోజు రేగి ఉంది. నేను కుశలం అడగలేదు.

“ఫిల్టర్ మార్చినంక గాలి తీసినవా లేదా?”

అతను గ్లాసు కింద పెట్టేశాడు. “మీరు గూడ గదే అడుగుతున్రా సార్?”

“నేను అడుగకపోతే రేపు నీ దిక్కు మాట్లాడరాదు. ఎట్ల తీసినవో చెప్పు.”

చెప్పాడు. స్క్రూ విప్పాడు, బుడగలు వచ్చాయి, బుడగలు ఆగి ఆయిల్ నిండుగా వచ్చేదాకా ఉండి బిగించాడు. క్లాంపు కూడా బిగించాననే చెప్పావు కదా అన్నాను. రోడ్డు వైపు చూసి నవ్వాడు.

“గా క్లాంపు నన్ను సమాధి దాంక ఇడ్వది సార్. గప్పుడు అబద్ధమాడిన. గిప్పుడు ఆడుతలేను. రెండిట్కి నా దగ్గర ఒక్కటే మొఖముండె, ఏం జెయ్యాలె?”

వాళ్లమ్మ ఉపవాస ప్రార్థన పెట్టిందట. పాస్టర్ గారు ఇంటికొచ్చి ఇది దేవుడు పెట్టిన పరీక్ష అన్నారట. నాకు అక్కడా చిరాకు పుట్టింది, దాచుకోలేదు. పరీక్ష నేను కూడా పెడుతున్నాననీ, ఫలితం అతనికి ఎదురుగా వచ్చినా సరే అందరి ముందూ చెబుతాననీ అన్నాను.

“చెప్పున్రి సార్” అన్నాడు. “ఇంట్ల అందరు ఓదార్చెటోళ్లే ఉన్నరు. తేల్చెటోడు ఒక్కడన్న గావాలె గద.”

నా ఉద్యోగం ఎందుకుందో అంత సూటిగా నాకు ఇంకెవరూ చెప్పలేదు.

నాస్తికుడు పెట్టించిన పూజ

నరహరి గారిని అనుమతి అడిగాను. ఇంకో సిలిండర్ హెడ్, అంటే ఇంజన్ తల, ఉంది. దాన్ని బెంచీ మీద పెట్టి, కింద పిస్టన్ లేకుండా వాల్వ్‌ను మాత్రమే ఆడిస్తాం. ఏదీ విరగదు. వాల్వ్ కదలికను కొలిచే సెన్సర్ ఇంజన్‌కు లేదు, దీనికి ఉంది కాబట్టి ఎప్పుడు మూసుకుందో గీత రూపంలో కనిపిస్తుంది.

“అంటె పూజది తప్పని జూపిస్తవ్” అన్నారాయన.

“పూజ గూడ పెట్టిస్త సార్. పంపు నడుస్తుంటె.”

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. “నువ్వు? పూజ?”

“పంతులు గారిని నేనే పోయి పిలుస్త.”

పిలిచాను. ఆయన తలుపు తీసి నన్ను చూసి తప్పు ఇంటికి వచ్చానేమో అనుకున్నారు. విషయం చెప్పాక, ఇంత జీవితంలో తనను రుజువు కోసం పిలిచినవాడు నేనొక్కణ్ణేనన్నారు. పంపు కూత పెట్టినా ఫరవాలేదట, కల్యాణమండపాల్లో బ్యాండు మేళానికే అలవాటు పడ్డ గొంతట.

మొదట, పూజ లేదు, మనుషులు లేరు. ఆయిల్ వేడి చేసి, పంపు ఆపి, షట్టరు ఎత్తి, ఆ రోజు ఆగినంతసేపూ ఆగాం. తర్వాత వాల్వ్‌ను ఆడించాం. పిస్టన్ ఉంటే ఎక్కడుంటుందో స్రవంతి స్క్రీన్ మీద ఎర్రగీత గీసి పెట్టింది. వాల్వ్ గీత ఆలస్యంగా దిగి ఎర్రగీతను కోసుకుంటూ పోయింది. ఏ మంత్రమూ వినిపించని గదిలో అదే జరిగింది.

రెండోసారి పూజ. పంపు కూస్తోంది, పంతులు గారు దాని మీదికి గొంతెత్తారు, నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. తోటి ఉద్యోగులు నన్ను చూడటానికే వచ్చారు. హారతి దాకా అంతా అయ్యాక వాల్వ్‌ను ఆడించాం. దాని గీత ఎర్రగీతకు దూరంగా, వేళకు మూసుకుంది.

మూడోసారి ఫణి గారి కోసం. పైపుల్లో కావాలనే గాలి వదిలాం. వాల్వ్ సరిగా తెరుచుకోలేదు, వణికింది. ఒత్తిడి గీత కూడా వణికింది. ఇంజన్ విరిగిన రోజు ఒత్తిడి రికార్డును పక్కన పెట్టి చూశాం. ఆ గీతలో వణుకు లేదు. యేసుదాసు గాలి తీశాడు.

ఫణి గారు ఆ రెండు గీతల ముందు చాలాసేపు కూర్చున్నారు. “ట్యాంకు మీద ఒక రంధ్రం ఖాళీగా ఉందండీ. అందుకే సెన్సర్ అక్కడ పెట్టాను. ఇంకే కారణమూ లేదు” అన్నారు. గీత చెరపని మనిషి అన్న మాట అది. ఆ రోజు నుంచి ఆయన మీద నా గౌరవం పెరిగింది.

నరహరి గారు ఇంకో ప్రశ్న అడిగారు. “అంటె దేవునికి కోపం రాలేదంటవ్?”

ఏళ్ల తరబడి నేను ఎదురుచూసిన అవకాశం. నా దగ్గర జవాబులకు కొదవ లేదు. కానీ బెంచీ మీద తేలింది అది కాదు. “దేవుని సంగతి గీ బెంచీ మీద తేలది సార్. పైపు చల్లారింది. గదొక్కటే తేలింది” అన్నాను.

ఆయన కాసేపు పైపు వంక చూశారు. తర్వాత మెల్లగా, “పంపు బంద్ జెయ్యమన్నది నేనే గద” అన్నారు. “యేసూను రమ్మనున్రి” అని లేచి వెళ్లిపోయారు.

నా పత్రిక మిత్రుడు మాత్రం నాతో కొన్నాళ్లు మాట్లాడలేదు. చేతికందిన ఆయుధం పారేశానన్నాడు. పిల్లలూ, ఇక్కడ నా మాట కొంచెం కటువుగానే ఉంటుంది. మూఢనమ్మకంతో నా తగవు తీరలేదు, తీరదు. హారతి పళ్లెం అందుకోని కుర్రవాడి అన్నం మీద వేటు వేయబోయిన నమ్మకాన్ని నేను ఎన్నటికీ క్షమించను. కానీ ఆ వేటును ఆపింది నా నాస్తికత్వం కాదు, మూడుసార్లు కొలవడం. నేను మొదటి రుజువుతోనే ఆగిపోయి ఉంటే ఫణి గారి అనుమానం అలాగే నిలబడేది, సెన్సర్ ట్యాంకులోనే ఉండిపోయేది. ఇంకో చలి పొద్దున ఎవరో టీకి పోయి వచ్చి ఇంకో ఇంజన్ విరగ్గొట్టేవారు. అప్పుడు నింద వేయడానికి పంతులు గారు కూడా దొరికేవారు కాదు.

ఫణి గారికి ట్యాంకు మీద రంధ్రం ఎలా దొరికిందో, నాకు పూజ అలా దొరికింది. తేలికగా అందే చోట కొలిచి, తెలిసిపోయిందనుకోవడం మన వృత్తిలో అన్నిటికన్నా పెద్ద జబ్బు. వాల్వ్ గురించి తెలుసుకోవాలంటే వాల్వ్ దగ్గరే కొలవాలి. ఇంకో మాట. కామ్‌షాఫ్ట్ ఏ కారణమూ చెప్పకుండా ఒక పని చేసేది. దాన్ని తీసేసినవాడు స్వేచ్ఛ వచ్చిందని సంబరపడితే చాలదు, అది మోసిన పనంతా తన నెత్తికెత్తుకోవాలి. ఆచారాన్ని కాదన్నవాడు ఆచారపరుడి కంటే ఎక్కువ జాగ్రత్తగా బతకాలి. ఉద్యమం అనుకుని సంబరపడ్డ రోజున నాకు తెలియని సగం ఇదే.

రెండోసారి

సెన్సర్‌ను ఇంజన్ తల మీదికి మార్చాం. అక్కడ ఆయిల్ మరీ చల్లగా ఉంటే స్టార్ట్ బటన్ పని చేయకుండా, కొంచెం చల్లారితే స్క్రీన్ మీది గడి పసుపు రంగుకు మారి హెచ్చరించేలా స్రవంతి ప్రోగ్రాం మార్చింది. కొత్త పిస్టన్, కొత్త వాల్వ్ వేశాం. అదే అతిథులు మళ్లీ వచ్చారు. నరహరి గారు పూజ మానలేదు, మానమని నేనూ అడగలేదు. పంపు నడుస్తూనే ఉంది, పంతులు గారు గొంతెత్తి చదువుతూనే ఉన్నారు. యేసుదాసు ఈసారి కూడా హారతి తీసుకోలేదు. పళ్లెం మాత్రం అతని దాకా వెళ్లి, అతను నవ్వి తల వంచితే, వెనక్కి వచ్చింది.

అంతా సవ్యంగా ఉందనగా కరెంటు పోయింది. జనరేటర్లు అమ్మేవాళ్ల ముందు కరెంటు పోవడంతో అతిథులకు నవ్వాగలేదు. మా కంపెనీ పాత జనరేటర్ అందుకుని పంపు మళ్లీ తిరిగేలోపు, ఎత్తిన షట్టరులోంచి చలిగాలి తన పని చేసేసింది. స్క్రీన్ మీద ట్యాంకు గడి పచ్చగా ఉంది, ఇంజన్ తల గడి పసుపులోకి దిగింది.

పంతులు గారు గడియారం చూసుకున్నారు. ఇంకాసేపట్లో రాహుకాలం వస్తుందని, ఈలోపే కానివ్వాలని నరహరి గారి చెవిలో చెప్పారు. నరహరి గారు స్క్రీన్ వంక చూశారు. తర్వాత యేసుదాసు వంక చూశారు. అతను స్క్రీన్‌ను చూడటం లేదు. పైపు మీద అరచేయి వేసి నిలబడి ఉన్నాడు. అక్కడి నుంచే కాదన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

పంతులు గారు ఈసారి అందరికీ వినపడేలా అన్నారు. “వేళ దాటిపోతుందండీ.”

“పైపు ఇంక వెచ్చగ గాలేదు పంతులుగారు” అన్నారు నరహరి గారు. “జర ఆగున్రి.”

ఆగాం. పంపు కూస్తూనే ఉంది. వేళ దాటిపోయింది. ఎవరూ కదల్లేదు. పసుపు గడి పచ్చగా మారాక కూడా యేసుదాసు ఇంకొంచెంసేపు చేయి తీయలేదు. తర్వాత తీసి, ప్యాంటుకు తుడుచుకుని, బటన్ నొక్కాడు.

ఇంజన్ రాహుకాలంలో స్టార్ట్ అయింది. భోజనాల వేళకు మేమే ఆపాం.